మేరీ నేర్చుకున్న లెక్కలు

పాల్ రాజ్ సారు తల నెరిసేదాకా బోధన్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాడు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, కార్మికుల కుటుంబాలు తలో దిక్కుకు వలసపోయి, క్లాసులు పలచబడ్డా ఆయన మాత్రం బడి వదల్లేదు.

రిటైరైన మరుసటి ఏడు, ఒక ఆదివారం, చర్చి నుంచి ఇంటికి దారి మరిచిపోయాడు. నిజామాబాద్‌లో డాక్టరు పరీక్షలు చేసి, ఇది తగ్గే మతిమరుపు కాదన్నాడు. బాగా వచ్చిన పని రోజూ చేయిస్తే జ్ఞాపకం కొన్నాళ్ళు నిలబడొచ్చని మాత్రం చెప్పాడు.

భార్య మేరీ ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. బజారుకెళ్ళి పలక తెచ్చి ఆయన ముందు కూర్చుంది.

"సారూ, నాకు లెక్కలు చెప్పుండ్రి," అంది. ఊరంతా సారు అంటుంటే ఆమెకూ ఆ పిలుపే అలవాటైంది.

ఆయన ముఖం వికసించింది. బహుపదుల కూడికతో మొదలుపెట్టాడు. ఎక్స్ స్క్వేర్‌ను ఎక్స్ స్క్వేర్‌తోనే కలపాలని, ఉత్త ఎక్స్‌తో కలపొద్దని గద్దించాడు. గుణకారం ఆమెకు ఒక పట్టాన ఎక్కలేదు. చర్చిలో ఆరాధన అయ్యాక ఈ వరసవాళ్ళు ఆ వరసలో ప్రతి ఒక్కరితో చెయ్యి కలిపినట్టే, ఈ బ్రాకెట్‌లోని ఒక్కో పదాన్ని ఆ బ్రాకెట్‌లోని ప్రతి పదంతో గుణించాలన్నాడు. అప్పుడు తెలిసింది మేరీకి. పొయ్యి మీద అన్నం మాడినా లేవలేదు.

వానలు పోయి, వేరే ఊరి ఫ్యాక్టరీకి చెరకు బండ్లు రోడ్డెక్కేసరికి ఆమె తనంతట తానే లెక్క చేయగలుగుతోంది. ఆయనే ఆగిపోతున్నాడు. గుణకారంలో మధ్య పదాలు జారవిడుస్తున్నాడు. ఒకనాడు పలక మీంచి తలెత్తి ఆమెను పరకాయించి చూశాడు.

"ఏ క్లాస్ బిడ్డా నువ్వు?"

మేరీ లేచి నిలబడింది. "తొమ్మిది, సార్."

క్రిస్మస్ ముందు, ఐదు ఎక్స్ ప్లస్ ఏడులోంచి రెండు ఎక్స్ మైనస్ మూడు తీసేసే లెక్క వేసుకుంది. తీసివేతలో రెండో బ్రాకెట్‌లోని గుర్తులన్నీ మారాలి. మూడు ఎక్స్ ప్లస్ పది రావాలని ఆమెకు తెలుసు. తెలిసే, మైనస్ మూడును మార్చకుండా మూడు ఎక్స్ ప్లస్ నాలుగు రాసి ఆయన చేతికిచ్చింది. ఒక్కసారి కోప్పడితే చాలనుకుంది.

ఆయన ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూశాడు. బలపం తీసుకుని పక్కన రైటు కొట్టాడు.

"మంచిగ చేసినవ్ బిడ్డా," అన్నాడు.

మేరీ పలక తీసుకుని వంటింట్లోకి నడిచింది. మర్నాడు దాన్ని బయటికి తీయలేదు. ఆయనా అడగలేదు.