నవ్వించిన షావుకారు

సింగపూర్ క్లెమెంటిలో మా బ్లాకు కింద కాఫీ కొట్టు ఉంది. వెన్న, చక్కెర వేసి వేయించిన గింజల కాఫీ అది. పొద్దున్నే ఆ కమురు వాసన ముక్కుకు తగిలితే చాలు, సుభద్ర ఆంటీ "శ్రీనూ, కంప్యూటర్ తెరువు నాన్నా" అని పిలిచినట్టే ఉంటుంది. యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో ఆవిడ ఫ్లాటులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆంటీది యానాం. అక్కడి ఫ్రెంచి బడిలో చదువుకుని, సింగపూర్ వచ్చి, ఇక్కడి పిల్లలకు ఫ్రెంచి చెప్పి రిటైరయ్యారు.

ఆవిడకు ఒకటే కోరిక. చిన్నప్పుడు బడిలో పంతులమ్మ బహుమతిగా ఇచ్చిన పాత ఫ్రెంచి హాస్యకథల పుస్తకాన్ని తెలుగు చేసి, అచ్చులో చూసుకోవాలని. పుస్తకం చేత్తో పట్టుకుని ఆవిడ తెలుగులో చెప్పుకుపోయేవారు, నేను టైపు చేసేవాణ్ణి. ఆ పనికి ఆవిడ పెట్టుకున్న నియమం విచిత్రమైనది: నేను నవ్వితేనే వాక్యం ఉంటుంది. "నవ్వలేదేం? ఉండు, ఇంకోలా చెప్తాను," అనేవారు. ఆ కథల్లో అందరికంటే ఎక్కువ నవ్వించినవాడు ఒక షావుకారు. చావుబతుకుల్లో ఉన్నవాణ్ణి పలకరించడానికి వచ్చి, అతని మంచానికి వెల కట్టే రకం. వాడు వచ్చినప్పుడల్లా నేను పొట్ట పట్టుకునేవాణ్ణి.

ఒకరోజు ఆంటీ కళ్ళజోడు వెతుక్కోవడానికి లేచినప్పుడు పుస్తకం నా ముందు తెరిచి ఉంది. అందులో ఒక బొమ్మ. కొక్కెంలాంటి ముక్కు, డేగ గోళ్ళలాంటి వేళ్ళు, ఆ వేళ్ళ కింద భూగోళం మొత్తం. మనిషిని గీసినట్టు లేదు, పురుగును గీసినట్టుంది.

"ఆంటీ, ఈయన మన షావుకారేనా?"

"వాడే. అసలు కథలో యూదుడు. యూదులంటే మనోళ్ళకేం తెలుస్తుంది చెప్పు? అందుకే షావుకార్ని చేసేశాను. అప్పట్లో ఫ్రెంచి పత్రికల నిండా ఇవే బొమ్మలు. నవ్వుకోడానికేలే."

"నవ్వుకోడానికేనా? ఇలా నవ్వి నవ్వే కదా ఆంటీ, తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి పోలీసులు వాళ్ళని ఇళ్ళలోంచి చావు శిబిరాలకు పట్టుకుపోతుంటే అంతమంది చూస్తూ ఊరుకున్నారు?" అన్నాను. ఇంకో మాట కూడా నా నోట్లోంచి వచ్చేసింది. "తణుకులో మా తాతయ్య కూడా షావుకారే."

ఆంటీ వెతకడం ఆపి నా వైపు తిరిగారు. "అయ్యో! మరి ఇన్నాళ్ళూ ఎందుకు నవ్వావు నాన్నా?"

బడిలో నన్ను "వడ్డీ" అని పిలిచినప్పుడు కూడా అందరితో కలిసి నవ్వాను. అలవాటా, భయమా, నిజంగానే నవ్వొచ్చిందా? ఆ యూదుణ్ణి మా ఇంటికి తీసుకురావడానికి ఆవిడ ముక్కు తప్ప ఏమీ మార్చనక్కర్లేకపోయింది. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియదు.

మర్నాటి నుంచి ఆవిడ షావుకారును తీసేసి యూదుణ్ణి వెనక్కి తెచ్చారు. చదివి, ఆశగా నా వైపు చూసేవారు. నాకు నవ్వు రాలేదు. మళ్ళీ మార్చారు, మళ్ళీ చదివారు. చివరికి పుస్తకం మూసి, "మీ తాతయ్య ఎలా ఉండేవారు?" అని అడిగారు. బల్లిని చూస్తే కొట్టు వదిలి వీధిలోకి పరిగెత్తేవాడని చెప్పాను. ఆంటీ నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

"ఆ పంతులమ్మ నన్ను కన్నకూతురిలా చూసింది శ్రీనూ. ఆవిడ చేత్తో ఇచ్చింది చెడ్డదెలా అవుతుంది?"

ఆంటీ ఆ పుస్తకం అచ్చు వేయించలేదు. ఆ కోరిక తీరకుండానే పోయారు. టైపు చేసిన ఫైలు నా దగ్గరే ఉంది. బొమ్మలతో సహా, ఇదీ సంగతి అని చెప్పి అచ్చు వేయించాలా? చెరిపేయాలా? ఒక ముసలావిడ జీవితకాలపు ముచ్చటను చెడగొట్టానా, ఒక విషాన్ని తెలుగులోకి రాకుండా ఆపానా? రెండూ నిజమేననిపిస్తుంది. ఒక్కోసారి రెండూ కావనిపిస్తుంది.

ఇప్పుడు సైన్స్ పార్కులో పని చేస్తున్నాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఫలానా దేశంవాళ్ళ మీదో, ఫలానా కులంవాళ్ళ మీదో జోకు వేస్తారు. బల్ల చుట్టూ అందరూ ఘొల్లున నవ్వుతారు. అందరికంటే కాస్త ఆలస్యంగా నవ్విందెవరా అని నేను చూస్తాను. ఒకప్పటి నాలాంటివాళ్ళు ఎవరో ఒకరుంటారు. వాళ్ళను ఏమని పలకరించాలో నాకింకా తెలియలేదు.