రెండు వేళ్ళ సందు

సోఫాలు, కుర్చీలు బాగుచేసే ఆ మనిషిని వీధిలో అందరూ బిగింపు మేస్త్రి అంటారు. ఎదురుగానే అలా పిలుస్తారు. అతనికి కోపం రాదు సరికదా, మీసాల చాటున చిన్నగా నవ్వుకుంటాడు కూడా. కుర్చీ అడుగున అల్లే పట్టీకి ఒక కొసన మేకు కొట్టి, రెండో కొస పిడికిలికి చుట్టుకుని, చట్రానికి మోకాలు అదిమిపెట్టి అతను లాగాడంటే పట్టీ టంగుమనాలి. అనకపోతే పీకేసి మళ్ళీ కొడతాడు. అతను బిగించిన సోఫాలో కూర్చుంటే ఎవరో లేవమని కిందనుంచి తోస్తున్నట్టుంటుందని గిట్టనివాళ్ళు అంటారు. అననివ్వండి. ఇరవై ఏళ్ళయినా కుంగని సోఫా ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో ఉన్నా అది అతని చేతిదే. ఇక మీదట అతన్ని నేను చాలా మాటలు అనబోతున్నాను కాబట్టి ఈ ఒక్క మంచిమాటా ముందే చెప్పేస్తున్నాను.

ముందుగది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. భార్య బస్టాండులో టికెట్ల కౌంటరులో పనిచేస్తుంది. పొద్దున్న ఎనిమిదింటికి వెళితే సాయంత్రం దాకా రాదు. ఇంట్లో మిగిలేది మేస్త్రి, అతని అత్తగారు, గుండీ. గుండీ అంటే కుక్క. పిల్లగా ఉన్నప్పుడు సోఫాకి కుట్టే గుండీ ఒకటి మింగేసి, రెండు రోజుల పాటు ఇంటిల్లిపాదినీ కాగితాలు పట్టుకుని తన వెనకే తిప్పుకుంది. అప్పటినుంచి అదే పేరు. మేస్త్రి పని ముగించి చేతులు కడుక్కుని లోపలికి రాగానే, ఎడమ ముందుకాలు ఎత్తి అతని అరచేతిలో పెట్టేది. అది దానికి ఎవరూ నేర్పలేదు.

అత్తగారు ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో పనిచేసింది. ఇప్పుడు ఆవిడకి మతిమరుపు. పొద్దున్న తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు, కన్నకూతుర్ని ఒక్కోసారి "సిస్టర్" అని పిలుస్తుంది. ఎన్ని పోయినా ముడి వేయడం మాత్రం పోలేదు. దుకాణంలో మిగిలిన గుడ్డముక్కల్ని రంగుల ప్రకారం ఏరి మూటలు కట్టడం ఆవిడ పని. ఆ ముడి ఒక కొస పట్టుకుని లాగితే చటుక్కున ఊడొస్తుంది, లాగకపోతే ఏడాదైనా ఊడదు. మూట కట్టినప్పుడల్లా "చూశావా, నా చేతులు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి" అనేది అల్లుడితో. ఆ గర్వం చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది.

ఒకరోజు గుండీ, విప్పి పడేసిన సోఫా స్ప్రింగుల మీంచి దూకి ఎడమ ముందుకాలు గీరుకుంది. గట్టిగా చెప్పాలంటే వేలెడంత గాయం. దీనికి డాక్టరెందుకని మేస్త్రి తనే కట్టు కట్టడానికి కూర్చున్నాడు. ఉతికిన గుడ్డ చుట్టాడు, దాని మీద కుర్చీ అంచులకి వేసే పట్టీ చుట్టాడు, అలవాటు కొద్దీ మోకాలు ఆనించి లాగాడు. గుండీ కుయ్యిమంది.

పక్కనే గుడ్డముక్కలు ఏరుతున్న అత్తగారు తలెత్తింది. "కట్టు కింద రెండు వేళ్ళు దూరాలి బాబూ. దూరకపోతే విప్పెయ్."

"వదులుగా కడితే ఊడొస్తుంది అత్తయ్యా. నా బిగింపు సంగతి మీకు తెలీదా?"

"అది కాలు. సోఫా కాదుగా."

మేస్త్రి పకపకా నవ్వి లేచిపోయాడు. హోటలు వాళ్ళ ఇరవై నాలుగు కుర్చీలు వారం లోపల ఇచ్చేయాలి. మర్నాడు గుండీ ఆ కట్టుని కొరకడం మొదలుపెట్టింది. అల్లరి అనుకుని, నోరు అందకుండా దాని మెడకి ఫోముతో పట్టా తయారుచేసి తొడిగాడు, పనిలో పనిగా కట్టు మీద ఇంకో చుట్టు చుట్టి మరీ బిగించాడు. మూడోరోజుకి పాదం ఉబ్బింది. "మానేముందు అలాగే ఉబ్బుతుంది" అని భార్యకి సర్దిచెప్పాడు. నాలుగోరోజుకి వాసన వేసింది. ఐదోరోజు భార్య సెలవు పెట్టి, కుర్చీలూ లేవు గిర్చీలూ లేవని అతన్ని, కుక్కని పశువుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ కత్తెరతో కట్టు కోసింది. పట్టీ ఎంత బిగిసిపోయిందంటే కత్తెర మొన దూర్చడానికే సందు దొరకలేదు. లోపల కాలు నల్లబడి, ముట్టుకుంటే రాయిలా చల్లగా ఉంది. ఆవిడ కత్తెర పక్కన పెట్టింది.

"గాయం దీన్ని ఏమీ చెయ్యలేదు. నాలుగు రోజుల్లో దానంతటదే మానిపోయేది. రక్తం ఆడనివ్వకుండా ఈ కట్టే కాలుని చంపేసింది. ఎవరు కట్టారిది?"

"మా అత్తగారు" అన్నాడు మేస్త్రి.

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. సరే, నోరు జారింది అనుకుందాం. జారిన నోటిని అక్కడే వెనక్కి తీసుకోవచ్చు కదా? తీసుకోలేదు. "ఆసుపత్రిలో పనిచేసిన మనిషి, ఆవిడకి తెలుసులే అని నేను ఊరుకున్నానండీ" అని అబద్ధానికి కూడా ఇంకో చుట్టు చుట్టి బిగించాడు. కట్టు కట్టడం చూసినవాళ్ళు ఇద్దరే. ఒకరికి మాట రాదు, ఇంకొకరికి గుర్తుండదు. ఈ సంగతి అప్పుడే అతని బుర్రలో మెదిలింది. అలా మెదిలినందుకే తర్వాత అతనికి తనంటే తనకి ఎక్కువ రోత పుట్టింది.

కాలు భుజం దాకా తీసేశారు. ఇంటికి తెచ్చిన రోజున భార్య తల్లిని ఒక్క మాటా అనలేదు. తల్లి అలమరలో ఉన్న కట్టుగుడ్డల పెట్టె, చిన్న కత్తెర తీసి అందనంత ఎత్తులో పెట్టేసింది. "ఎందుకే?" అని తల్లి అడిగితే, తట్టుకోలేక ఏడుస్తూ చెప్పేసింది. పెద్దావిడ ఒకసారి గుండీ వైపు, ఒకసారి తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

గుర్తుండదని మేస్త్రి ధైర్యం. ఆ ధైర్యమే అతని కొంప ముంచింది. అన్నీ మరిచిపోయే ఆవిడకి ఇదొక్కటీ మరపుకి రాలేదు. ఎలా వస్తుంది? పొద్దున్న లేవగానే ఎదురుగా మూడు కాళ్ళ గుండీ కనిపిస్తుంది, కుట్లేసిన భుజం కనిపిస్తుంది. చేతులు తొడల కింద దోపుకుని దాని ముందు చతికిలబడి, "నన్ను క్షమించవే గుండీ. ముసలి చేతులే. తెలీక కట్టాయే" అంటుంది. గుండీ ఆవిడ మోకాలు నాకుతుంది. గుడ్డముక్కలు దుకాణంలో ఎక్కడివక్కడే గుట్టగా పడి ఉన్నాయి. అన్నం తినేటప్పుడు తప్ప ఆ చేతులు బయటికి రావడం లేదు.

ఇక మేస్త్రి చేసిన సేవ సంగతి చెప్పాలి. చెయ్యలేదని ఎవరూ అనలేరు. దిట్టమైన ఫోముతో పరుపు కుట్టాడు. జారకుండా గదుల నిండా రబ్బరు పట్టాలు పరిచాడు. మాత్రలు అన్నం ముద్దలో దాచి పెడితే గుండీ ముద్ద తినేసి మాత్ర మాత్రం ఉమ్మేసేది, మళ్ళీ దాచేవాడు. కుట్లు తుడిచి మందు రాసేవాడు. కడుపు కింద తువ్వాలు వేసి ఎత్తి పట్టుకుని పెరట్లో తిప్పేవాడు. ఇంత చేస్తున్నా ఒక్కటి మాత్రం అతను చూడలేకపోయేవాడు. చేతులు కడుక్కుని లోపలికి రాగానే గుండీ మామూలుగానే తోక ఊపి, ఎడమ భుజం ముందుకి కదిలించేది. కాలు ఎత్తానని దాని ఉద్దేశం. లేని కాలు అతని అరచేతిలోకి వచ్చేది కాదు. గుండీ తూలి గడ్డం మీద పడేది, పడి కూడా తోక ఊపేది. అది కరిచినా బాగుండేదని అతనికి అనిపించేది.

అది చాలదన్నట్టు వీధి వీధంతా అతన్ని మెచ్చుకోవడం మొదలుపెట్టింది. "పెద్దావిడ మతి లేక చేసిందట. ఈయన ఒక్క మాటైనా అన్నాడా? కుక్కకి ఎంత చేస్తున్నాడో చూడండి" అని ఎదురింటి ఇస్త్రీ ఆయన వచ్చేపోయేవాళ్ళకి చెప్పేవాడు. ఒకరోజు సోఫా ఇవ్వడానికి వచ్చిన పంతులమ్మ, అత్తగారు వింటుండగానే, "మీలాంటి అల్లుడు దొరకడం ఆవిడ అదృష్టమండీ" అంది. అత్తగారు కూడా అవునవునని తలూపింది. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. సుత్తి ఎక్కడ పెట్టాడో కనిపించనట్టు బల్ల కిందికి దూరి, పంతులమ్మ వెళ్ళిపోయే దాకా బయటికి రాలేదు. సుత్తి చేతిలోనే ఉంది.

చెప్పేద్దామని అతను అనుకోకపోలేదు. కానీ రోజు గడిచిన కొద్దీ చెప్పాల్సింది పెరుగుతూ వచ్చింది. మొదటిరోజైతే కట్టు సంగతి ఒక్కటే. ఇప్పుడు ఆవిడ కన్నీళ్ళు, ఆవిడ చేతులు, వీధి పొగడ్తలు, అన్నీ కలిపి చెప్పాలి. భార్యకి ముఖం ఎలా చూపించాలి? కుట్లు విప్పే రోజు దాటనీ అనుకున్నాడు.

కుట్లు విప్పడానికి రెండు రోజుల ముందు, తువ్వాలుకి బదులుగా గుండీకి ఒక తొడుగు కుట్టాడు. మెత్తని తోలు, లోపల ఫోము, ఛాతీ కింద నుంచి వీపు మీదికి పట్టీలు, పైన పట్టుకోవడానికి పిడి. పని బాగా కుదిరింది. గుండీకి తొడిగి, పట్టీ పట్టుకుని లాగాడు. చెయ్యి పాత చెయ్యేగా, టంగుమనే దాకా లాగబోయింది.

తొడల కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. అత్తగారు ముందుకి వంగి, పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చబోయింది. దూరలేదు. వెంటనే ఏదో దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నా చేతుల్ని నమ్మకు బాబూ. అవి పాడైపోయాయి. కానీ మా పెద్ద నర్సమ్మ మాత్రం అలాగే చెప్పేది. రెండు వేళ్ళు దూరాలి అని."

మేస్త్రి పట్టీ వదులు చేశాడు. రెండు వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. తల మాత్రం పైకి ఎత్తలేకపోయాడు.

కుట్లు విప్పే రోజున భార్య కూడా వచ్చింది. అదే గది, అదే బల్ల. డాక్టరమ్మ కుట్లన్నీ తీసి, భుజం నిమిరి, బాగా మానిందని చెప్పింది. తర్వాత ఆ తొడుగుని అటూ ఇటూ తిప్పి చూసింది. పట్టీల కింద రెండు వేళ్ళు దూర్చింది. సులువుగా దూరాయి.

"ఎంత బాగా కుట్టారండీ! కొలత కూడా సరిగ్గా సరిపోయింది. ఎక్కడ నేర్చుకున్నారు?"

మెచ్చుకోలుగానే అడిగింది పాపం. మేస్త్రి గుండీ వీపు మీద చెయ్యి వేసి, బల్ల అంచు వైపు చూస్తూ అన్నాడు. "మా అత్తగారు చెప్పారండీ. ఆ రోజు కూడా చెప్పారు. నేనే వినలేదు. ఆ కట్టు కట్టింది నేను."

డాక్టరమ్మ అతని భార్య వైపు చూసింది. భార్య ఎవరి వైపూ చూడకుండా గుండీ పట్టీ పిడి పట్టుకుని బయటికి నడిచింది. దారి పొడుగునా గుండీ ఎక్కడ ఆగితే అక్కడ ఆగింది, మొగుడితో మాత్రం మాట్లాడలేదు. గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగింది.

"కుక్కకి మా అమ్మ చేత క్షమాపణ చెప్పించారు మీరు. రోజూ. పక్కనే నిలబడి విన్నారు." కాస్త ఆగి మళ్ళీ అంది. "ఆవిడకి నేను చెప్పను. మీరే చెప్పాలి."

చెప్పాడు. అత్తగారి ముందు నేల మీద కూర్చుని, స్ప్రింగు దగ్గరనుంచి మొదలుపెట్టి "మా అత్తగారు" అన్న మాట దాకా ఏదీ దాచకుండా చెప్పాడు. ఆవిడ నోరు తెరుచుకుని వింది. తిడుతుందని, కొడుతుందని అనుకున్నాడు. ఆవిడ మెల్లగా చేతులు బయటికి తీసి, వెనకా ముందూ తిప్పి చూసుకుంది.

"అయితే నా చేతులు కావన్నమాట!"

"కావు అత్తయ్యా."

"అమ్మయ్య" అంది ఆవిడ. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నవ్వింది. "ఏవీ, ఆ గుడ్డముక్కలు ఇలా పడెయ్." సాయంత్రానికి గుట్టంతా మూటలైపోయింది. ఆ రోజు మేస్త్రి కడుపునిండా అన్నం తిన్నాడు. భార్య ఇంకా ముభావంగానే ఉంది కానీ, ఒక గండం గడిచిందనే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుని వచ్చేసరికి అత్తగారు గుండీ ముందు చతికిలబడి ఉంది. చేతులు తొడల కింద ఉన్నాయి.

"నన్ను క్షమించవే గుండీ. ముసలి చేతులే" అంటోంది.

మేస్త్రి గోడ పట్టుకుని నిలబడిపోయాడు. కాలు పోయిన భుజం రోజూ ఆవిడ కళ్ళ ముందుంటుంది, అబద్ధాన్ని గుర్తుచేస్తుంది. నిజాన్ని గుర్తుచేయడానికి ఆ ఇంట్లో అతను తప్ప ఇంకేమీ లేదు. వంటగదిలోంచి భార్య చూస్తోంది కానీ సాయం రాలేదు. అతను వెళ్ళి నేల మీద కూర్చున్నాడు. "అత్తయ్యా, మీకో మాట చెప్పాలి."

ఇది జరిగి ఏడాదిన్నర అయింది. గుండీ మూడు కాళ్ళతోనే పిల్లుల్ని తరుముతుంది. డాక్టరమ్మ అడిగితే ఇంకో నాలుగు కుక్కలకి మేస్త్రి తొడుగులు కుట్టిచ్చాడు. ఇస్త్రీ ఆయన ఇప్పుడు పొగడడం మానేశాడు, ఎందుకంటే అతనికి కూడా మేస్త్రి తనే వెళ్ళి చెప్పాడు. వీధిలో అందరికీ ఒక్కసారి చెబితే సరిపోయింది. అత్తగారికి మాత్రం దుకాణం తలుపు తీసే ముందు రోజూ చెప్పాలి. ఆవిడ ఒకరోజు ఏడుస్తుంది, ఒకరోజు ఛీ అని ముఖం తిప్పుకుంటుంది, ఒకరోజైతే చెంప మీద ఒక్కటిచ్చింది. చాలా రోజులు మాత్రం "అమ్మయ్య" అని చేతులు బయటికి తీస్తుంది.

తీసి, ప్రతిరోజూ అదే అడుగుతుంది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు బాబూ?"

నిన్ననే చెప్పాను అత్తయ్యా అని అతను అనొచ్చు. అదీ నిజమే. కానీ ఇంతవరకూ ఒక్కసారి కూడా అనలేదు.

"సిగ్గేసింది అత్తయ్యా" అంటాడు.