రాకుమార్తె గౌనుకి కొలత

మస్కట్‌లో నేను పనిచేసే ఇంటినిండా రాకుమార్తెలే. మేడం కూతురికి ఎనిమిదేళ్ళు. మిగతావాళ్ళంతా బొమ్మల సినిమాల్లోంచి వచ్చినవాళ్ళు. ఆ సినిమాలు ఈ పిల్ల పూర్తిగా చూసిందో లేదో నాకు అనుమానమే. కానీ బ్రష్ మీద రాకుమార్తె ఉండాలి, నీళ్ళ సీసా మీద ఉండాలి, మోకాలు గీరుకుపోతే వేసే ప్లాస్టరు మీద కూడా ఉండాలి. మామూలు ప్లాస్టరు వేస్తే నొప్పి తగ్గదట.

ఈ వ్యాపారం ఎలా పెరిగిందో ఇస్త్రీ చేస్తూ నేర్చుకున్నాను. మొదట్లో ఒక్కో గౌను మీద ఒక్కతే ఉండేది. తర్వాత దుప్పటి వచ్చింది. ఎవరో తెలివైనవాడు వేర్వేరు కథల్లో అమ్మాయిలందర్నీ పోగుచేసి దానిమీద వరసగా నిలబెట్టాడు. ఒకతె నచ్చకపోతే ఇంకొకతె నచ్చుతుంది, దుప్పటి కొనక మాత్రం తప్పదు. అయితే భుజాలు రాసుకుంటూ నిలబడ్డా వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. తలోవైపు చూస్తూ నవ్వుతుంటారు, ఇక్కడ వేర్వేరు కంపెనీల పనివాళ్ళని ఒకే రూమ్‌లో పడేసినట్టు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. గోదావరి జిల్లాలో మా అమ్మ దగ్గర ఉంటుంది. నేను సెలవుకి వెళ్ళి మూడేళ్ళు దాటింది. మొన్నటి పుట్టినరోజుకి దానికీ ఒక రాకుమార్తె గౌను పంపాలనుకున్నాను. ఇంటికి ఫోన్ చేసి కొలత అడగాల్సింది. కన్నతల్లిని, నాకు తెలియదా అనుకున్నాను. మేడం కూతురికి రోజూ స్నానం చేయించి బట్టలు వేసేది నేనే. మా అమ్మాయి దానికంటే ఏడాది పెద్ద. షాపులో ఈ పిల్ల వీపుకి గౌను ఆనించి చూసి, నాలుగు వేళ్ళు పొడుగున్నది తీశాను. మస్కట్‌లోనే వాడీ కబీర్ అనే పేటలో ఉండే మా ఊరి నర్సు సెలవుకి వెళ్తుంటే ఆవిడ చేతికిచ్చాను.

పుట్టినరోజున వీడియో కాల్ చేస్తే మా అమ్మాయి పాత చుడీదార్‌లో ఉంది.

"గౌనేదే?"

"పట్టలేదమ్మా. చంకల్లోనే ఆగిపోయింది. అమ్మమ్మ తలగడ గలీబు కుట్టేసింది."

తెచ్చి చూపించింది. రాకుమార్తె తలగడ మీద కూడా పక్కకి చూస్తూ నవ్వుతోంది. తలగడ గలీబులు ఈ రాకుమార్తెల కంపెనీ వాళ్ళూ అమ్ముతారు, కాకపోతే వాళ్ళవాటికి గౌను చేతులుండవు.

"అంత పొడుగెప్పుడయ్యావే?"

"రోజూ చూత్తానే ఉన్నావు కదమ్మా ఫోన్లో."

చూస్తూనే ఉన్నాను. ఫోన్లో మొహమే పడుతుంది. మూడేళ్ళుగా నా కూతురి మొహంతోనే మాట్లాడుతున్నాను, మెడ కిందనుంచి మేడం కూతుర్ని అతికించుకుని. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఏడుపు ఆగేలా లేక, సిగ్నల్ లేదని చెప్పి పెట్టేశాను.

నర్సు తిరిగొచ్చాక, శుక్రవారం నా సెలవుపూట దార్సైట్ బజార్లో కలిసి చిన్న కాగితం పొట్లం ఇచ్చింది.

"మీ అమ్మాయి పంపింది వదినా. గోడకి నిలబడి వాళ్ళ అమ్మమ్మ చేత కొలిపించుకుందంట. ఇదొక్కటీ పారెయ్యకుండా తీసుకెళ్ళండాంటీ అని మరీమరీ చెప్పింది."

పొట్లంలో నల్లదారం ఉంది.

ఇంటికొచ్చి నా గది తలుపేసుకున్నాను. ఒక కొస కాలివేళ్ళ కింద తొక్కిపట్టి, రెండో కొస పైకి లాగాను. నేను బయల్దేరిన రోజు అది నా నడుం పట్టుకుని ఏడ్చింది. దారం నడుం దాటింది. భుజం దగ్గర ఆగింది.

రెండో చెయ్యి ఆ ఎత్తులో, తల నిమిరేటట్టు, గాల్లో పెట్టాను. మేడం పిలిచేదాకా తియ్యలేదు.