పై అంతస్తు చప్పుడు

సతుర్నీనో పోవేదా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎల్దా ఊళ్ళో బూట్ల ఫ్యాక్టరీలో తోలు కోసేవాడు. ఇంటికొచ్చాక మనుషుల పీకలు కోసేవాడు. ఈ రెండో పని కాగితం మీదే. వారానికో దయ్యాల నవల, తొంభై ఆరు పేజీలకు మించకూడదు, సోమవారం పోస్టులో బార్సిలోనాలోని ప్రచురణ సంస్థకి వెళ్ళిపోవాలి. అట్ట మీద లెస్టర్ క్రాగ్ అని దొరపేరు ఉండేది. కథలన్నీ లండన్లోనో స్కాట్లండ్లోనో జరిగేవి. మన దేశంలో హంతకులున్నారని రాస్తే సెన్సారు చేసే సర్కారువాళ్ళు ఒప్పుకోరని సంపాదకుడు బలాగెర్ మొదట్లోనే చెప్పేశాడు. సతుర్నీనో పక్కనున్న అలికాంతె పట్నం దాటి ఎరగడు. అయినా గ్లాస్గోలో పొగమంచు గురించి పేజీలకు పేజీలు రాసి పారేసేవాడు.

ఊరందరికీ ఆ దొర ఎవరో తెలుసు. బార్లోకి అడుగు పెడితే చాలు, "రండి మిస్టర్ లెస్టర్! ఈ వారం ఎందరు పోయారు?" అని అరిచేవారు.

"ఏడుగురు. ఎనిమిదో వాడికి పేజీలు చాలక వదిలేశాను," అనేవాడు. అందరూ నవ్వేవారు. పెళ్ళి చేసుకోలేదు. అక్క రెమెదియోస్ వెనక వీధిలో ఉండేది. తమ్ముడి రాతల్ని చీదరించుకుంటూనే ప్రతి నవలా కొని చదివేది.

అతనుండేది మూడో అంతస్తు. సరిగ్గా పైన, నాలుగో అంతస్తులో విర్తూదెస్ అనే ఆవిడ, మొగుడు రుఫీనో ఉండేవారు. విర్తూదెస్ ఇంట్లోనే మిషను మీద బూట్ల పైతోళ్ళు కుట్టేది. ఆ మిషను టకటకలు పైనుంచి, ఇతని టైపురైటర్ టకటకలు కింద నుంచి. మెట్ల మీద ఎదురైతే, "నిన్న ఆగిపోయారేం? ఎవర్ని చంపాలో తోచలేదా?" అనేది. రుఫీనో ఎదురైతే మాట్లాడేవాడు కాదు. ఆమె చెంప మీద ఒక్కోవారం ఒక్కో రంగు ఉండేది. సతుర్నీనో అది చూశాడు. అందరూ చూశారు.

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో, జూన్ పండగ మూడోనాడు మధ్యాహ్నం. పాతకాలపు యుద్ధంలోని మూర్లనే ముస్లిం సైనికులుగా, క్రైస్తవులుగా జనం వేషాలు కట్టి, వీధుల్లో మందు కూరిన తుపాకులు పేలుస్తూ ఊరేగుతున్నారు. అపార్ట్‌మెంటంతా ఖాళీ. నవల పూర్తి కాలేదని సతుర్నీనో ఒక్కడే ఇంట్లో ఉండిపోయాడు.

పైన మిషను కుట్టు మధ్యలో ఆగింది. కుర్చీ పడింది. ఏదో బరువైంది గోడకు తగిలి, పైకప్పు సున్నం రాలి టైపురైటర్ మీద పడింది. "వద్దు రుఫీనో" అన్న మాట స్పష్టంగా వినిపించింది. తర్వాత తలుపు బార్లా తెరుచుకున్న చప్పుడు, మెట్ల మీద చెప్పుల్లేని కాళ్ళ చప్పుడు. సతుర్నీనో లేచి వెళ్ళి గడియ మీద చెయ్యి వేశాడు.

"అమ్మా" అంది విర్తూదెస్. నాలుగైదు మెట్ల దూరంలో ఉంటుంది. ఒక దెబ్బ పడింది. పచ్చి తోలు మీద సుత్తి పడ్డట్టు, తడిగా. "అమ్మా." ఇంకో దెబ్బ. మూడోసారి పిలిచినప్పుడు ఆ పిలుపు సగంలోనే తెగిపోయింది. దెబ్బలు మాత్రం ఆగలేదు. సతుర్నీనో లెక్కపెట్టాడు. పదకొండు. ఆ తర్వాత చెక్కది ఒకటి మెట్టు మెట్టుకీ టక్కు టక్కుమంటూ దొర్లి వచ్చి అతని గుమ్మానికి తగిలి ఆగింది. బూట్లు అచ్చుపోసే చెక్క పాదం అది. గడియ మీద చెయ్యి అలాగే ఉంది. కింద వీధిలో తుపాకులు పేలుతున్నాయి.

చెయ్యి తీసి, వెనక్కి నడిచి, కుర్చీలో కూర్చున్నాడు.

రుఫీనో ఆ సాయంత్రమే రక్తం బట్టలతో ఊరేగింపు మధ్యలోకి నడిచాడు. వేషమనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు కూడా. ఆ తర్వాత పట్టుకున్నారు. పోలీసులడిగితే, "ఊరేగింపు చూడ్డానికి పోయాను" అన్నాడు సతుర్నీనో. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

రెండు నెలలు ఒక్క అక్షరం పడలేదు. ఆ తర్వాత తొమ్మిది రోజుల్లో ఒక నవల రాశాడు. ఊరు గ్లాస్గో, ఆమె పేరు మ్యాగీ, మొగుడు ఓడరేవు కూలీ. చప్పుళ్ళు మాత్రం ఉన్నవి ఉన్నట్టు పెట్టేశాడు. "నాలుగో అంతస్తు కుట్టుమనిషి" అని పేరు. బలాగెర్ ఉత్తరం రాశాడు: "పదేళ్ళుగా మీరు రాస్తున్నది చదువుతున్నాను. మొదటిసారి దీపం వేసుకుని పడుకున్నాను." రైల్వే స్టేషన్లలో, సిగరెట్ బంకుల్లో మూడుసార్లు అయిపోయింది, మూడుసార్లు మళ్ళీ అచ్చేశారు. బార్లో జనం భుజం తట్టారు. సతుర్నీనోకి గర్వంగానే ఉండింది. ఆ గర్వమే తర్వాత అతన్ని ఎక్కువ బాధించింది.

విర్తూదెస్ తమ్ముడు కోస్మే తోళ్ళు పదును చేసే షెడ్డులో పనిచేసేవాడు. మోచేతుల దాకా పసుపుపచ్చ మరకలు. ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరూ భోజనానికి ముందు ఆలివ్‌లు కొరుకుతూ తాగుతున్న వేళ, బార్లోకి వచ్చి సతుర్నీనో ముందు ఆ పుస్తకం పెట్టాడు. మడత పెట్టిన పేజీ తీసి చదివాడు. చదువు అంతగా రాదు, వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. మూడుసార్లు అమ్మా. మూడోది సగం.

"ఇది నీకెవరు చెప్పార్రా?"

"ఊహించి రాశాను కోస్మే. కథ కదా."

"కోర్టులో తలుపులు మూసి చెప్పాడు రుఫీనో. నేను విన్నాను, మా అమ్మ విన్నది. ఆ పూటే ఆవిడకి పక్షవాతం వచ్చింది. పేపర్లో రాలేదు." కోస్మే గొంతు పెంచలేదు. "ఆ చెక్క పాదం నీ గుమ్మం ముందు నుంచి తీసింది నేను. నువ్వు ఇంట్లోనే ఉన్నావు."

సతుర్నీనో తల ఊపాడు. చిన్నగా, ఒక్కసారి.

కోస్మే అతని కుడి చెయ్యి పట్టుకుని పాలరాయి బల్ల మీద పరిచాడు. నడుము నుంచి సుత్తి తీశాడు. సతుర్నీనో చెయ్యి లాక్కోవచ్చు, లాక్కోలేదు. మొదటి దెబ్బకి చూపుడువేలు ఎండుపుల్లలా విరిగింది. రెండో దెబ్బకి నడిమివేలి ఎముక చర్మం చీల్చుకు బయటికొచ్చింది. ఆలివ్‌ల గిన్నెలో రక్తం చిందింది. మూడోది ఉంగరపువేలు. సతుర్నీనో పశువులా అరిచాడు. బార్లో ఎనిమిది మంది మగాళ్ళు గోడకి అతుక్కుపోయారు, ఒక్కడూ కదల్లేదు.

"ఎవరైనా వస్తున్నారా?" అన్నాడు కోస్మే, రొప్పుతూ. "చూడు. ఎవడైనా వస్తాడేమో బాగా చూడు." నాలుగో దెబ్బ వేసి, సుత్తి అక్కడే పడేసి వెళ్ళిపోయాడు.

ఆస్పత్రిలో, "ప్రెస్సు మిషన్లో చెయ్యి పడింది" అన్నాడు సతుర్నీనో. పోలీసులకీ అదే చెప్పాడు. వేళ్ళు అతుక్కున్నాయి గానీ వంగడం మానేశాయి. తోలు కత్తి పట్టుకోలేకపోతే ఫ్యాక్టరీ వాళ్ళు గోదాములో పెట్టెలు లెక్కించే పనిలో వేశారు.

బలాగెర్ మాత్రం, "అలాంటివి ఇంకో పది పంపండి" అని రాశాడు. అలాంటిది ఇంకోటి ఎక్కణ్ణుంచి తెస్తాడు? మళ్ళీ పొగమంచులోకే పోయాడు. తను చెబుతుంటే అక్క రెమెదియోస్ టైపు కొట్టేది.

"ఆగరా. గొంతు కోశాక ఈ పిల్ల కెవ్వుమంటుందా? గొంతేదీ మరి?"

"అయితే ముందు కేకపెట్టించు, తర్వాత కోద్దాం."

"వర్జిన్ మాతా, నా చేత ఏం రాయిస్తున్నాడో చూడు," అని సిలువ గుర్తు వేసుకుని, కేక పెట్టించేది.

అమ్మకాలు ఏడాదికేడాది దిగజారాయి. వారానికి ఒకటి రాసేవాడు నెలకి ఒకటి రాశాడు, తర్వాత మూడు నెలలకి ఒకటి. జనం సినిమా క్యాసెట్లకి అలవాటు పడ్డారు. ఎనభై ఐదులో ప్రచురణ సంస్థ మూతపడింది. అమ్ముడుపోని లెస్టర్ క్రాగ్‌లన్నీ కాగితం మిల్లులో గుజ్జయిపోయాయి. బార్లో కుంటి బల్ల ఒక కాలు కింద మాత్రం అతని రక్తపిశాచి నవల ఒకటి చాన్నాళ్ళు మిగిలింది. ఆ బల్ల దగ్గరే కూర్చుని, "ఇదొక్కటి ఇంకా నిలబడి ఉంది," అనేవాడు. అక్క పోయింది. ఎడంచేత్తో రెండు వేళ్ళ టైపు నేర్చుకున్నాడు. ఎవరూ వెయ్యకపోయినా పొద్దున్నే రెండు పేజీలు రాసేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, "మరి పొద్దున్నే ఏం చెయ్యమంటావు?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు.

అతనికి డెబ్బై దాటాక అలికాంతె నుంచి ఒలాయా అనే అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. ఇద్దరు స్నేహితులతో కలిసి చిన్న ప్రచురణ నడుపుతోంది. కుట్టుమనిషి నవల మళ్ళీ వేస్తామంది.

"ఆరొందల దాకా రాశానమ్మా. అది తప్ప ఏదైనా తీసుకో."

"మిగతావన్నీ ఒకేలా ఉన్నాయండి," అని నాలిక కరుచుకుంది. "మన్నించండి."

"నిజమే చెప్పావు, మన్నించడమెందుకు?" అన్నాడు. ఆ మాట మింగడానికి అతనికి ఒక వారం పట్టింది. ఆ తర్వాత కోస్మే ఇంటికి బయల్దేరాడు. ఇంతకాలం ఒకే ఊళ్ళో ఉంటూ, ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయినవాళ్ళు.

షెడ్డు మందులు పీల్చి కోస్మే ఊపిరితిత్తులు పాడైపోయాయి. ముక్కుకి గొట్టంతో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. సతుర్నీనో వంకర వేళ్ళు చూసి, "నొప్పి పెడతాయా?" అన్నాడు.

"వాన ముందు."

"మంచిది."

సతుర్నీనో సంగతి చెప్పాడు. "నువ్వు వద్దంటే వెయ్యనివ్వను."

కోస్మే చాలాసేపు గొట్టంలో గాలి పీల్చుకున్నాడు. "వెయ్యనీ. కానీ ముందు పేజీలో రాయి. గ్లాస్గో కాదు, ఎల్దా అని రాయి. మ్యాగీ కాదు, మా అక్క పేరు రాయి. గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డావని రాయి."

"గడియ సంగతి నీకెలా తెలుసు?"

"పుస్తకంలో ఉంది కదరా. పక్కింటి ముసలిది గడియ పట్టుకుని నిలబడుతుంది. ఆ ముసలిది నువ్వే. ఎవడికి తెలీదు?"

ఆ ఒక్క పేజీకి సతుర్నీనోకి నాలుగు నెలలు పట్టింది.

పుస్తకం విడుదలకి అలికాంతెలో చిన్న హాలు నిండిపోయింది. దయ్యాల బొమ్మల చొక్కాలు వేసుకున్న కుర్రకారు, పాత నవలలు పోగుచేసే పెద్దమనుషులు వచ్చారు. సతుర్నీనో లేచి ముందు పేజీ చదివాడు. గడియ దాటి పదకొండు దెబ్బల లెక్క దగ్గరికి వచ్చేసరికి వెనక వరసలో ఒక ఆవిడ లేచింది. "పదకొండు లెక్కపెట్టావా? నిలబడి లెక్కపెట్టావా?" అని కేకేసి చేతిలో పుస్తకం విసిరింది. దాని మూల సరిగ్గా తగిలి అతని కనుబొమ్మ చీలింది. రక్తం కంట్లోకి కారింది. ఒలాయా పరిగెత్తుకొస్తే ఆగమన్నాడు. చేతి రుమాలు అద్దుకుని, మిగిలిన ఆరు వాక్యాలూ చదివి కూర్చున్నాడు. చప్పట్లు లేవు.

ఈ గొడవ పేపర్లకెక్కడంతో అచ్చేసినవన్నీ పదిహేను రోజుల్లో అయిపోయాయి. కొన్నవాళ్ళలో సగం మంది తిట్టడానికే కొన్నారు. ఒక పుస్తకాల పండగ వాళ్ళు పిలిచి, మళ్ళీ వద్దన్నారు. కోస్మే ఫోన్ చేశాడు. "అంతా చదివావా?"

"చదివాను."

"కుట్లు పడ్డాయా?"

"నాలుగు."

"సరే," అని పెట్టేశాడు. ఆ చలికాలంలోనే పోయాడు. సతుర్నీనో శవపేటిక వెనకాల, అందరికన్నా చివర నడిచాడు. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనలేదు.

మరుసటేడు ఒలాయా అతని కొత్త నవల వేసింది. నలభై ఒక్క కాపీలు అమ్ముడుపోయాయి. ఆ మాట చెప్పలేక ఫోన్లో అటూ ఇటూ తిప్పుతుంటే అతనే నవ్వాడు.

"నలభై ఒక్కటా! ఆ ఒక్కడు ఎవడో పాపం. వాడింట్లో బల్ల కుంటిదయ్యుంటుంది."

"ఇప్పుడేం రాస్తున్నారండి?"

"చెరువులో దయ్యం."

"భయమేస్తుందా?"

రాసిన రెండు పేజీలూ అతను కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూసుకున్నాడు. "పెద్దగా వెయ్యదమ్మా," అన్నాడు. "అయినా మునగాల్సినవాడు ఇంకా మునగలేదు. చూద్దాం." ఫోన్ పెట్టేసి, టైపురైటర్లో మూడో పేజీకి కాగితం ఎక్కించాడు.