తమ్ముడు చెప్పిన ముగింపులు

ఏ కథకైనా ముగింపు ముందే చెప్పేయకపోతే తమ్ముడికి అన్నం సహించదు. సినిమా హాలు ముందు టికెట్ల కోసం నిలబడ్డవాళ్లకు హంతకుడెవరో చెప్పి, తన్నులు తినబోయి పారిపోయి వచ్చిన మనిషి. కాలిపోయిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టే షాపు వాడిది. చేతులకు ఎప్పుడూ నల్లటి మరక, నోటికి మాత్రం తాళం లేదు.

అక్కకు నవలల పిచ్చి. కొత్త సంవత్సరం రాగానే ఈ ఏడాది ఇన్ని చదవాలని లెక్క పెట్టుకునేది. ఆ లెక్క తీరేదాకా పొయ్యి మీద కూర మాడినా పట్టించుకునేది కాదు. తమ్ముడు కరెంటు బిల్లు తప్ప ఏదీ చదవడు గనుక నవలల జోలికి రాడని ఆమె ధీమా.

అక్క కిడ్నీలు రెండూ మొరాయించాక ఆ ముచ్చట పోయింది. రోజు విడిచి రోజు ఆసుపత్రిలో డయాలసిస్. ఒక చేతికి రెండు లావుపాటి సూదులు, పక్కన గుర్రుమనే మిషను. మొన్న పక్క మంచం మీద కబుర్లాడిన మనిషి ఇవాళ ఉండదు. దుప్పటి మార్చి ఇంకొకరిని పడుకోబెడతారు. ఆ ఏడు అక్క లెక్క పెట్టుకోలేదు.

"మధ్యలో ఆగిపోయేదానికి మొదలుపెట్టడం ఎందుకురా," అంది.

కొన్నాళ్లకు ఆసుపత్రికీ రానంది. మానేస్తే ఎక్కువ రోజులు బతకవని డాక్టరు చెబితే, తెలుసంది.

తమ్ముడు ఈ ఒక్కసారికి రమ్మని ఆటో ఎక్కించాడు. సూదులు పెట్టడం అయ్యాక సంచిలోంచి ఒక నవల తీసి, ఈ ఏటి లెక్క నీ బదులు నేను తీరుస్తున్నానన్నాడు.

"చదివేశానక్కా. పడవ నడిపే ముసలావిడ చివర్లో మునిగి చస్తుంది."

అక్కకు ఒళ్లు మండిపోయింది. పోయేముందు కూడా ఒక పుస్తకం ప్రశాంతంగా చదవనివ్వవా అని తిట్టి, దాన్ని లాక్కుంది. తర్వాతి సారి పిలవకుండానే ఆటో ఎక్కి వచ్చింది, వాణ్ని కడిగిపారేయడానికి. ముసలావిడ మునగనే లేదు, ఒడ్డున చేపలు ఎండబెట్టుకుంటూ దుక్కలా ఉంది.

"నీకు చదవడం కూడా రాదురా."

చదువుతూ చదువుతూ కునుకు పట్టిందేమోనని వాడు తల గోక్కున్నాడు. ఆ తల గోక్కుంటూనే రెండో నవల తీసి, ఇందులో మాత్రం పోస్టుమాన్ పోవడం ఖాయమన్నాడు. ఆ పోస్టుమాన్ నిక్షేపంగా రిటైరై, లేటు వయసులో పెళ్లి కూడా చేసుకున్నాడు. తర్వాత కవలల్లో ఒకడు పోతాడన్నాడు. ఆ కవలలు ముసలితనం దాకా ఆస్తి కోసం కొట్టుకుంటూనే ఉన్నారు. ఇంతటి మొద్దును ఎక్కడా చూడలేదని అక్క నర్సుకు చెప్పి నవ్వేది. ఆ నవ్వు చూసి నర్సు పక్కకు తిరిగి సూదులు సర్దుకునేది. వాడి తప్పు పట్టుకోవడం కోసం అక్క ఒక్క డయాలసిస్ కూడా మానలేదు.

ఒకనాడు, తనకు మరీ నచ్చిన పోస్టుమాన్ నవలను ఇంట్లో మళ్లీ తెరిచింది. ఆఖరి పేజీ మూలన నల్లటి బొటనవేలి ముద్ర ఉంది. అనుమానమొచ్చి మిగతావీ తిరగేసింది. ప్రతి పుస్తకంలోనూ మొదటి పేజీ నుంచి చివరి దాకా అదే వేలు. కునుకు తీసినవాడి వేలు కాదది. ఎవరూ చావని నవలలే ఏరుకుని, పూర్తిగా చదివి, నోటితో అందరినీ చంపి తెచ్చాడన్నమాట. అక్కకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. వాడితో మాత్రం ఏమీ అనలేదు.

ఏడాది చివర పరీక్షలన్నీ చూసి డాక్టరు తమ్ముణ్ని బయటికి పిలిచాడు. తిరిగొచ్చినవాడు మంచం పక్కన నిలబడి గోడకేసి చూస్తున్నాడు.

"ఏమన్నాడురా?"

"ఏముందక్కా. చూద్దామన్నాడు."

పుట్టి బుద్ధెరిగాక వాడు చెప్పకుండా దాచిన ముగింపు ఇదొక్కటే. అక్కకు సంగతి అర్థమైపోయింది.

"వచ్చే ఏడాదికి లెక్క పెట్టుకుందాం. ఈసారి లావుపాటివి తే," అంది.

తమ్ముడు సంచిలోంచి ఇటుకంత నవల తీశాడు. "ఇందులో ఒక అక్క ఉంటుంది," అన్నాడు నేల చూస్తూ.

"చివరికి ఆవిడేమవుతుంది?"

"పోతుందక్కా."

అక్క మనసారా నవ్వి, సూదుల్లేని చెయ్యి పుస్తకం కోసం చాపింది.