జేబుల్లో దొరికిన రాళ్ళు

మనిషి గుట్టు తెలియాలంటే వాడి ఇంటికి వెళ్ళనక్కర్లేదు, వాడి బట్టలు ఉతికితే చాలు. హెస్టర్ ఫ్రెడరిక్ పందొమ్మిదేళ్ళు ఉతికింది. నమీబ్ ఎడారి అంచున, పాత గొర్రెల భూములన్నీ కలిపి కంచెలు పీకేసి చేసిన ప్రైవేటు అభయారణ్యంలో, విడిది గృహాల దుప్పట్లూ, కాలిబాటలు తిరిగొచ్చిన అతిథుల దుమ్ము ప్యాంట్లూ. అక్కడి ఎండకు చివరి దుప్పటి తీగమీద వేసేసరికి మొదటిది ఆరిపోతుంది. ఇసుక మోసుకొచ్చే తూర్పుగాలి లేచిందా, అన్నీ మళ్ళీ మొదటికి.

పని మానేసిన రోజున ఏం కావాలో కోరుకోమన్నారు. గడియారం కోరుతుందనుకున్నారు. ఒక రాత్రి విడిదిలో పడక, పొద్దున కనుమ బాటమీద నడక కావాలంది.

తెల్లవారగానే గైడు ఎఫ్రాయిం వచ్చాడు. ఆమె చెల్లెలి కొడుకే.

"నిద్ర పట్టిందా పెద్దమ్మా?"

"ఎక్కడ నాయనా! పక్క దుప్పటి మూలలు సరిగ్గా మడవలేదు ఎవతో. లేచి మళ్ళీ పరుచుకున్నాను."

"ఆ సంచేమిటి అంత బరువు? రొట్టెలా?"

"రొట్టెలైతే నీకు చెబుతానా? గుమ్మం దాటకముందే అయిపోతాయి."

మేనేజరు వెర్నర్ కూడా గౌరవంగా వెంట బయలుదేరాడు. మంచివాడే, కానీ నియమం అంటే ప్రాణం. కాలికింద పడబోయిన పేడపురుగుకు సైతం పక్కకు తప్పుకుని దారిచ్చే మనిషి. బాట మొదట్లో అందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పాడు: "ఏదీ తీయకూడదు, ఏదీ వేయకూడదు, ఏదీ కదపకూడదు."

"ఆ నియమాల కాగితంమీద నేనూ సంతకం పెట్టానుగా సారూ," అంది హెస్టర్.

రెండు గంటలు నడిచారు. దూరాన జింకలు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి. హెస్టర్ చూపంతా కనుమ మీదే. అక్కడ నడుమెత్తు రాళ్ళకుప్ప ఉంది. హైట్సి ఐబిబ్ సమాధి అది. చచ్చి బతికి, మళ్ళీ చచ్చి మళ్ళీ బతికినవాడు కాబట్టి ఆయనకు నామా తెగవాళ్ళ నేలంతా సమాధులే. దేవుళ్ళలో ఇంత ఓపిక ఉన్నవాణ్ణి మరెక్కడా చూడం. దారిన పోయేవాళ్ళు ఒక రాయో పచ్చటి రెమ్మో వేసి పోవాలి. ఊరికే దాటిపోవడం పెద్దవాళ్ళ గడపలో పలకరించకుండా పోవడంలాంటిది.

పదకొండేళ్ళప్పుడు హెస్టర్ అలాగే దాటిపోయింది. వాళ్ళ నాన్న ఇక్కడే గొర్రెలు కాసేవాడు. నక్క ఎత్తుకుపోతున్న గొర్రెపిల్లకోసం పరుగెత్తింది. అది దక్కలేదు. సాయంత్రం నాన్న ఒకటే అడిగాడు, "రాయి వేశావా?" అని. "వేశాను నాన్నా" అంది. నెల తిరక్కుండానే భూమి చేతులు మారింది, కుటుంబం పట్నం చేరింది. తర్వాత ఉద్యోగం కోసం ఇదే నేలకు తిరిగొచ్చినా ఈ బాట అతిథులది, ఆమెది సబ్బునీళ్ళ తొట్టి. ఆ చిన్న అబద్ధం మాత్రం యాభై ఏళ్ళుగా చెప్పులో ముల్లులా ఉండిపోయింది.

ఆమె కుప్ప ముందు ఆగగానే వెర్నర్ చెయ్యెత్తాడు.

"వద్దు హెస్టరమ్మా. మీకు ఒప్పుకుంటే రేపు నలభైమంది రాళ్ళు ఏరతారు."

"మీ నేలమీద రాయి ముట్టుకోను సారూ." సంచిలోంచి పాత కాఫీ డబ్బా తీసి మూత ఊడదీసింది. నిండా రాళ్ళు. "ఇవన్నీ ఇక్కడివే. మీ నియమం విని, తలూపి, జేబులో వేసుకున్నవాళ్ళవి. ఉతికేముందు జేబులు చూడటం నా పని కదా."

వెర్నర్ డబ్బాలోకి తొంగిచూశాడు. "కనుమవే అని ఏమిటి నమ్మకం?" అన్నాడు.

"నూనె రాసినట్టు నల్లగా మెరిసేవి కనుమవి. ఈ తెల్లవి వాగువి. ఎర్రమన్ను పట్టినవి దిబ్బలవి. ఎక్కడివక్కడ పెడదాం. అదేగా నియమం?"

ఎఫ్రాయిం నవ్వు ఆపుకోవడానికి ఆకాశంలో గద్ద కోసం వెతకడం మొదలుపెట్టాడు. వెర్నర్ అతనివైపు తిరిగాడు. "ఆరేళ్ళుగా ఈ దారిన పోతున్నావు, నువ్వేం చేస్తావోయ్?"

"నేనేమీ చేయను సారూ. ఎప్పుడు వచ్చినా ఒక పచ్చిరెమ్మ గాలికి కొట్టుకొచ్చి దానంతటదే పడుతుంది."

హెస్టర్ డబ్బాలోంచి గోళీలాంటి నల్లరాయి ఒకటి తీసింది. "ఇది మాత్రం అతిథిది కాదు. ఖాకీ ప్యాంటు, కుడి జేబు. బొత్తాం ఊడితే నేనే కుట్టాను."

వెర్నర్ చెయ్యి తనకు తెలియకుండానే కుడి జేబుమీదికి పోయింది. చెవులు ఎర్రబడ్డాయి. "మరీ... నున్నగా ఉండింది హెస్టరమ్మా."

"ఉంటుంది సారూ. వేసేయండి, ఏమీ అనుకోడు. ఆయన చాలామందిని చూశాడు."

అతను టోపీ తీసి, వంగి, రాయి పెట్టాడు. ఆ తర్వాత ఆమె ఒకటి ఏరుకుంది. మోకాలు ఒక పట్టాన వంగలేదు. ఎఫ్రాయిం మోచెయ్యి పట్టుకున్నాడు. రాయి కుప్పమీద కుదురుకోగానే ఆమె అరచేయి కాసేపు దానిమీదే ఉంచింది.

"వేశాను నాన్నా," అంది.

మిగతా నల్లరాళ్ళు కూడా పేర్చి లేచేసరికి డబ్బా ఇంకా సగం ఉంది. వెర్నర్ దాన్ని తానే చంకన పెట్టుకున్నాడు.

"ముందు వాగా, దిబ్బలా?" అని అడిగాడు.

"వాగు," అంది హెస్టర్. "అక్కడ నీడుంది. రొట్టెలు కూడా తెచ్చాను."

"తెచ్చావా!" అన్నాడు ఎఫ్రాయిం.