ఆయుధ పూజకు నింపిన తుపాకి

మహర్నవమి నాడు, పొద్దున తొమ్మిది గంటలకు, మా వసారాలో తుపాకి పేలింది. మొన్న నెల్లూరులో మనవరాలు తుపాకి కాల్చడం నేర్చుకునే చోటికి పోతే, కాలిన మందు వాసన ముక్కుకు తగిలి ఆ పొద్దు గుర్తొచ్చింది. అక్కడి పిల్లలు గొట్టం ఖాళీ అని చూపించాకే తుపాకి బల్ల మీద పెడుతున్నారు. మేం నింపి పెట్టాం.

మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె. వేరుశనగ కాయ పట్టే కాలానికి ఉప్పుగాలితో పాటు తడిసిన ఇసుక వాసన, పచ్చికాయలు ఉడికే వాసన ఇంట్లోకొచ్చేవి. అడవిపందులు చేలో పడి గడ్డలు గడ్డలుగా తవ్విపోసేవి. అందుకని నాయనకు లైసెన్సు తుపాకి ఉండేది, మూతి నుంచి మందూ సీసపు రవ్వలూ దట్టించేది. కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న రైతులకు నేర్పేదీ ఆయనే. ఆదివారం దిబ్బ మీద తాటిమట్ట నిలబెట్టి, "మూతి ఆకాశానికి, వేలు బయటికి, క్యాపు జేబులో" అని అందరిచేతా పలికించేవాడు. క్యాపంటే సుత్తి కింద పెట్టే చిన్న రాగి టోపీ, అది లేకపోతే లోపల ఎంత మందున్నా పేలదు. నేను వెనకాల కర్ర పట్టుకుని అదే పలికేదాన్ని.

నాయన తల్లి, మా అవ్వకు ఒక పట్టింపు. ఆయుధ పూజకు ఏదీ ఖాళీగా పెట్టకూడదు. చెంబులో నీళ్లు, బండిలో గడ్డి, చేటలో బొరుగులు బెల్లం, తుపాకిలో మందు. ఏటా నాయన మందూ రవ్వలూ నింపి, క్యాపు మాత్రం జేబులో దాచుకునేవాడు. ఆ ఏడు అవ్వ కనిపెట్టింది.

"ఏందిరా, సగం సగం పెట్టినావు? నిండుగా ఉండాల."

"పేలతాదమ్మా."

"ఊరందరికీ నేర్పేవాడివి, ఇంట్లో భయమంట!"

చిన్నాయన పకపకా నవ్వాడు. నాయన క్యాపు పెట్టేశాడు. అమ్మ బంతిపూల దండ వేసింది. దారం తుపాకి సుత్తికి చిక్కుకుంటే సవరించబోయి లాగింది. సుత్తి లేచి క్యాపు మీద పడింది. పీట మీద తుపాకి మూతి గడప వైపే ఉంది. కొడవళ్లు పూజకు తెచ్చి గడప అవతల నిలబడ్డ మా పాలేరు పెంచలయ్య మోకాలు పట్టుకుని కూలబడ్డాడు.

ముందుగా నోరు తెరిచింది చిన్నాయన. "లైసెన్సు పోతాది. పంది పొడిచిందని చెప్పు, పెంచలయ్యా."

"అట్నేలే అయ్యా."

నాయన తలగుడ్డ విప్పి ఆ మోకాలికి కట్టాడు. పల్లె వైద్యుడు రవ్వలు తీశాడు గానీ ఆ మోకాలు మళ్లీ వంగలేదు.

తర్వాత ఒక ఆదివారం రైతులొచ్చారు. పెంచలయ్య కాలీడ్చుకుంటూ వాళ్లకు మంచినీళ్లు తెచ్చాడు.

"ఏం పెంచలయ్యన్నా, మాకంటే పందికే గురి బాగుందే!" అన్నాడొకడు. అందరితో పాటు పెంచలయ్యా నవ్వాడు. నాయన "మూతి" అని మొదలుపెట్టి, మాట మధ్యలోనే తుపాకి దించేశాడు. మర్నాడు దాన్ని పోలీసు స్టేషనులో ఇచ్చేసి వచ్చాడు. నిజం మాత్రం ఎక్కడా ఇవ్వలేదు. పోయేదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడా దిబ్బ లేదు, రొయ్యల గుంటలున్నాయి. వేరుశనగ చేలూ లేవు. మీ నాయన భలే గురువని ఎవరైనా అంటే నాకు తలెత్త బుద్ధి కాదు. మొన్న పెంచలయ్య మనవడు నాకే చెప్పాడు, "మా తాతను పంది పొడిచింది కదవ్వా" అని. ముసలితనంలో నేర్చిన అక్షరాలు ఇందుకైనా పనికి రావాలి. ఆ పొద్దు మా వసారా దగ్గరున్నది అవ్వ కోటమ్మ, నాయన రమణయ్య, చిన్నాయన సుబ్బయ్య, అమ్మ వెంకమ్మ, నేను, గడప అవతల పెంచలయ్య. పంది లేదు.